సాగుకు యోగ్యమైన భూమి

నాగేశ్వరప్రసాద్ రొయ్యల చెరువుకి అర్జీ పెట్టాడన్న సంగతి నేను సచివాలయం గోడ మీద చదివి తెలుసుకున్నాను. పింఛను పని మీద వెళ్ళాను. నోటీసు అంటించి ఉంది. అర్జీదారు పేరు, సర్వే నంబరు, అభ్యంతరాలు ఉన్నవారు గడువు లోపల తెలపవలెను అన్న మాట. ఆ సర్వే నంబరులో సగం నాది.

ప్రసాద్ నాకు తోడల్లుడు. మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె సూర్యకళను నాకు, చిన్నామె అమ్మణ్ణిని అతనికి ఇచ్చారు. ఒకే ముహూర్తానికి, అన్నవరం కొండ మీద, ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు. మామగారు తూకం మనిషి. కూతుళ్ళకి ఒకే రంగు చీరలు, ఒకే బరువు గొలుసులు. అల్లుళ్ళకి ఒకే దుకాణంలో బట్టలు. ఏలేరు కాలవ కింద ఉన్న చేను తాడు పెట్టి కొలిపించి, మధ్యలో గట్టు వేయించి, చెరి సగం రాశారు. ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా చూసుకున్నారు. ఆ తరవాత సంగతులు ఆయన చేతిలో లేవు. సూర్యకళ కామెర్లు ముదిరి పోయింది. అమ్మణ్ణి ఉంది. గట్టుకి ఇటు నేనొక్కణ్ణి. అటు ఇద్దరు.

సచివాలయంలో వ్యవసాయం చూసే అమ్మాయి పేరు సాయిప్రసన్న. కొత్తగా వచ్చింది. పెద్దాపురం నుంచి స్కూటీ మీద వచ్చి వెళ్తుంది. ఎవరు పడితే వాళ్ళు చెరువు తవ్వుకోవచ్చా అని అడిగాను. తవ్వకూడదని చెప్పింది. వరి పండే భూమిని చెరువు చేయడానికి ఒప్పుకోరట. ముంపు పడి పంట రాని భూమి అయితేనే ఇస్తారట. ముందు ఊళ్ళో వాళ్ళ అభ్యంతరాలు తీసుకుంటారు. తరవాత ఫిషరీసు వాళ్ళు, రెవెన్యూ వాళ్ళు, డ్రైన్ల వాళ్ళు కలిసి వచ్చి చూస్తారు. పక్క రైతుని కూడా అడుగుతారు. వాళ్ళు రాసిన దాన్నిబట్టి పైన జిల్లా కమిటీ తేలుస్తుంది.

"పక్క చేను కూడా పండనిదైతే?" అన్నాను.

"అప్పుడు ఇబ్బంది ఉండదండి. ఇచ్చేస్తారు."

"పండితే?"

"అదే మట్టి, అదే మట్టం కదండి. పక్కది పండుతూ ఉంటే ఇది పండదని ఎలా రాస్తారండి?"

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఉన్నమాట చెప్పాలంటే ఆ చేను పండదు. ఏలేరుకి నీరొస్తే ముందు మునిగేది అదే. చేల నీళ్ళు పోవలసిన మురుగు కోడు పూడిపోయి, ఎగదన్ని మళ్ళీ చేలోకే వస్తుంది. మూడు సార్వాలు, అంటే మూడు తొలకరి పంటలు వేస్తే ఒకటి చేతికి వచ్చేది. సూర్యకళ పోయాక నేను వేయడం మానేశాను. ప్రసాద్ అంతకు ముందే మానేశాడు. గట్టుకి అటూ ఇటూ తుంగే.

చెరువు వస్తే అతనికి డబ్బు వస్తుందని నాకు బాధ లేదు. మా ఊళ్ళో చెరువులు చేసి బాగుపడ్డవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మేడల మీద నాకు దృష్టి లేదు. నాకు కనపడింది వేరు. చెరువు వస్తే గట్టు మీద షెడ్డు వేస్తాడు. షెడ్డు ముందు మంచం వేస్తాడు. మేత చల్లే వేళకి అమ్మణ్ణి క్యారేజీ పట్టుకొస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు. రోజూ. నా గట్టు మీద నుంచి చూస్తే అదంతా కనపడుతుంది.

ఆ వారంలోనే ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ప్రసాద్ అరుగు మీద కూర్చున్నాడు. అమ్మణ్ణి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. వాళ్ళక్క కూడా మూత అలాగే పెట్టేది, చప్పుడు కాకుండా.

అర్జీ సంగతి ముందే చెప్పాల్సిందని, నిలుస్తుందో లేదో తెలియక చెప్పలేదని ప్రసాద్ సర్దుకున్నాడు. నాకు అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెడితే చాలన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మధ్య గట్టు తీసేసి రెండు ముక్కలూ కలిపి ఒకటే చెరువు చేద్దామన్నాడు. పెట్టుబడి తనదేనట. పనీ తనదేనట. నేను ఊరికే కూర్చుంటే సగం ఇస్తాడట. నా మీద జాలి పడుతున్నాడు. జాలి పడేటంత మిగులు అతని దగ్గర ఉంది.

"నా చేను పండుతుంది," అన్నాను.

ప్రసాద్ నవ్వాడు. "ఎప్పుడండీ అన్నయ్యగారూ? పక్కనే ఉన్నాను, నాకు తెలియకుండా పండించేసుకున్నారేంటి?"

"ఈ సార్వాకి ఊడుస్తున్నాను."

అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చింది. "అక్క ఉండగానే ఆ చేలో ధాన్యం సరిగ్గా చూడలేదు బావగారూ. ఇప్పుడు మీరొక్కరూ ఏం చేస్తారు?"

చెడ్డగా అనలేదు. ఇద్దరుగా ఉన్నవాళ్ళకి ఒక్కరు అనే మాట తేలిగ్గా వస్తుంది.

సంతకం పెట్టలేదు. మర్నాడే సచివాలయానికి వెళ్ళి అభ్యంతరం రాసిచ్చాను. చెరువు నుంచి ఉప్పు ఊట దిగి నా వరిచేను పాడవుతుందని రాశాను. అది అబద్ధం కాదు. ఉప్పు నీళ్ళ చెరువు పక్కన వరి బతకదని మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. కాకపోతే అప్పటికి నా చేలో వరి లేదు.

చేలో వరి నిలపాలి. పంతం మీద దిగాను. తుంగ దుంపలతో సహా తీయించాను. నా వైపు మురుగు కోడు ఉన్నంతమేర పూడిక తవ్వించాను. చుట్టూ గట్టు మోకాలెత్తు లేపించాను. నాలుగు రోజులు నీళ్ళలో ఉన్నా కుళ్ళని రకం విత్తనం తెచ్చి నారు పోశాను. ఊరికంటే ముందు దమ్ము చేయించి ఊడ్పించాను. చిట్టియ్యకి ఒక ఆయిలింజను ఉంది, అద్దెకి తిప్పుతాడు. ఇంజనునీ చిట్టియ్యనీ కలిపి మాట్లాడుకున్నాను. వాన పడిన ప్రతిసారీ ఇంజను ఆడాలి, చేలో నీరు నిలవకూడదు, అది ఒప్పందం.

శ్రావణం అంతా వానే. ఇంజను ఆగింది లేదు. డీజిల్ వాసన నా చొక్కాలకి పట్టేసింది. చిట్టియ్య నోరు ఊరుకునే రకం కాదు.

"ఆయ్, టీ కొట్టు కాడ మీ గురించే మాటండి," అన్నాడు ఒకరోజు.

"ఏమంటున్నారు?"

"జగన్నాథరావుగారు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారంటండి. పెళ్ళికూతురు ఆయిలింజనంటండి. కట్నం కూడా ఎదురిస్తున్నారంట."

నేను నవ్వలేదు. ఫిల్టరుకి నాచు పట్టింది, తియ్యమన్నాను.

ప్రసాద్ తన ముక్కలో చేయి పెట్టలేదు. అతని పని సులువు. ఏమీ చేయకుండా ఉంటే చాలు, పంట రాని భూమి అని భూమే చెప్పుకుంటుంది. చావాల్సింది నేను. సాయంత్రాలు ఇద్దరూ అలా నడిచి వచ్చేవాళ్ళు. మునిగిన చేను చూసుకోవడానికి ఏముంటుంది? అయినా వచ్చేవాళ్ళు. ఒకే గొడుగు. ఒకసారి అతని కాల్లో తుమ్మ ముల్లు దిగింది. గట్టు మీద కూర్చోబెట్టి, పాదం ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసుతో తీసింది. అతను కావాలని కేకలు పెట్టాడు. ఆమె పాదం మీద ఒక్కటి వేసింది. నేను ఇంజను పక్కన వంగి, చూడనట్టు బెల్టు సవరిస్తున్నాను. బెల్టు బాగానే ఉంది.

సూర్యకళ నా కాల్లో ముల్లు తీసిందా లేదా అని ఆలోచించాను. తీసే ఉంటుంది. గుర్తు రాలేదు. ఆ కోపం కూడా అతని మీదే పెట్టుకున్నాను.

తనిఖీ వాయిదాలు పడి పడి ఆశ్వయుజంలో వచ్చింది. అప్పటికి నా చేను ఈనింది. చుట్టూ చేలలో సగం వాలిపోయి ఉన్నాయి. నాది నిలబడి ఉంది. జీపు వస్తుందని తెలిసి, ముందు రోజే ఇంజను చిట్టియ్య దొడ్లోకి తోయించాను. గట్టు మీద చక్రాల గాడి పడితే పార పెట్టి చదును చేయించాను.

ఫిషరీసు ఆఫీసరు, సర్వేయరు, డ్రైన్ల వాళ్ళ మనిషి, మా వీఆర్వో, సాయిప్రసన్న వచ్చారు. వాళ్ళ వెనక ప్రసాద్, అమ్మణ్ణి. ఆఫీసరు మధ్య గట్టు మీద నిలబడ్డాడు. ఎడమవైపు నడుంలోతు నీళ్ళు, గుర్రపుడెక్క, తుంగ. కుడివైపు పాలు పోసుకుంటున్న వెన్ను. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. ఫోనులో రెండు వైపులా ఫొటోలు తీశాడు.

"రెండూ ఒకే సర్వే నంబరేనా?" అని అడిగాడు. సర్వేయరు అవునన్నాడు. మట్టంలో తేడా ఉందా అంటే లేదన్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీ చేను ఏటా ఇలాగే ఉంటుందాండీ?"

వీఆర్వో ఈ ఊళ్ళో పదేళ్ళుగా ఉన్నాడు. ఆ చేను సంగతి అతనికి తెలుసు. అతను ఆకాశం వైపు చూశాడు. తెలిసిన మాట చెప్తే ఏదో ఒక వైపు చెడ్డవాడు కావాలి. సాయిప్రసన్నకి తెలియదు. ఆమె చూసింది ఈ ఒక్క సార్వాయే.

"ఏటా ఇంతేనండి," అన్నాను.

"మునగదా?"

"మునగదండి."

"మరి వీళ్ళది ఎందుకిలా ఉంది?"

"చేసుకోవాలి కదండి. వ్యవసాయం అంటే మొగుడూ పెళ్ళాం గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కాదు."

ఆ మాట అనాలని అనుకోలేదు. వచ్చేసింది. సర్వేయరు నేల చూపులు చూశాడు. ప్రసాద్ ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు. అతను ఒక్క మాట చెప్తే చాలు. ఊళ్ళో ఎవరినైనా పిలిచి అడగమంటే చాలు, నా మాట అక్కడే పడిపోయేది. అమ్మణ్ణి అతని ముంజేయి పట్టుకుంది. నన్ను చూస్తూ ఆఫీసరుకి చెప్పింది.

"మా బావగారు అలా చెప్తే అంతేనండి. రాసేసుకోండి."

రాసుకున్నారు. సాగుకు యోగ్యమైన భూమి, చెరువుకి సిఫారసు చేయడం లేదు అని రాశారట. నెల తిరక్కుండా అర్జీ కొట్టేశారు. కోత కోయించాను. ఇన్నేళ్ళలో ఆ చేలో అంత ధాన్యం ఎప్పుడూ కాలేదు. డీజిల్ పోగా ఏం మిగిలిందని చిట్టియ్య అడిగాడు. నీ అద్దె నీకు ముట్టిందా లేదా అని అడిగాను.

నేను గెలిచాను. గెలిచినవాడు ఏం చూడాలనుకుంటాడో అది చూద్దామని ఎదురుచూశాను. ఆ ఇంట్లో చిరాకులు మొదలవుతాయనుకున్నాను. చెరువు నమ్ముకుని అప్పటికే నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లకి అడ్వాన్సు ఇచ్చాడని, అది తిరిగి రాలేదని విన్నాను. అలాంటప్పుడు మొగుడు అరుస్తాడు, పెళ్ళాం ఏడుస్తుంది. మా రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే, దాని పక్కన నిలబడితే వినపడాలి. వినపడలేదు. ఆదివారం వాళ్ళింట్లో చేపల పులుసు వాసన వచ్చింది. సూర్యకళ పోయినప్పటి నుంచి ఆదివారం పులుసు నాకు ఒక గిన్నెలో వచ్చేది. ఆ వారం కూడా వచ్చింది. నేను తిన్నాను. పారబోసినా గిన్నె ఖాళీగానే వెళ్తుంది, పారబోశానని వాళ్ళకి తెలియదు, అందుకని తిన్నాను.

మాఘమాసంలో ప్రసాద్ ఎక్కడి నుంచో బస్తాలతో తామర దుంపలు తెచ్చాడు. ఇద్దరూ మోకాలి లోతు బురదలో దిగి నాటారు. నేను చూస్తూ ఉన్నాను. పిచ్చి పట్టిందనుకున్నాను. వైశాఖానికి ఆకులు చేను కప్పేశాయి. ఆషాఢానికి మొగ్గలు. పొద్దున్నే అమ్మణ్ణి చీర ఎగ్గట్టి దిగుతుంది. ప్రసాద్ రెండు డ్రమ్ములకి చెక్కలు కట్టి తెప్పలాగా చేశాడు, దాన్ని ఆమె వెనకే తోసుకుంటూ వెళ్తాడు. ఆమె కోసి వెనక్కి చూడకుండా అందిస్తుంది. అతను అందుకుంటాడు. పిఠాపురం గుళ్ళ దగ్గరి దుకాణాలకి కొన్ని, అన్నవరం కొండకి కొన్ని. ఆటో వచ్చి ఎక్కించుకుపోతుంది.

చెరువు వచ్చి ఉంటే అతను షెడ్డులో ఉండేవాడు, ఆమె క్యారేజీ ఇచ్చి వెళ్ళేది. పూట పూటకీ అంతే. ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నంతా ఒకే నీళ్ళలో.

సచివాలయానికి వెళ్ళాను. వాళ్ళు అనుమతి లేకుండా చెరువు నడుపుతున్నారని చెప్పాను. సాయిప్రసన్న వచ్చి చూసింది. తవ్వారా అంటే తవ్వలేదు. గట్టు లేపారా అంటే లేపలేదు. ఉప్పు నీళ్ళు తెచ్చారా అంటే తేలేదు.

"తామర కూడా పంటేనండి. ఉన్న నీళ్ళలో ఉన్నట్టు పెట్టుకున్నారు. భూమి వాడకం ఏం మారలేదండి, దీనికి పర్మిషన్ అక్కర్లేదు," అంది.

"రేపు మళ్ళీ చెరువుకి అర్జీ పెడితే?"

"పెట్టుకోవచ్చండి. అప్పుడు మళ్ళీ తనిఖీ వస్తుంది. మీ చేను పండుతున్నన్నాళ్ళూ ఇవ్వరండి. పండటం ఆగితే చూస్తారు."

అంటే నేను ఊడ్చాలి. ఏటా. ఒక్క సార్వా పోయినా అతనికి దారి ఇచ్చినట్టే. నారు పోశాను. ఊడ్పించాను. ఈసారి కోడు పూడిక తీయించడానికి మనుషులు దొరకలేదు. దొరికిన ఇద్దరూ పని చేస్తూ ప్రసాద్ చేలోకి చూస్తూ, తామర బాగా వచ్చింది కదండీ అన్నారు.

భాద్రపదంలో ఏలేరుకి నీళ్ళు వదిలారు. పైన వాన, కింద వరద. తెల్లారేసరికి కోడు నిండుగా వచ్చింది. నా చేలో వరి కొసలు మాత్రం కనపడుతున్నాయి. చిట్టియ్య ఇంటికి వెళ్ళి ఇంజను తీయమన్నాను.

"ఇంజను తీసుకుపోండి. నేను రానండి," అన్నాడు.

"ఏం?"

"కోడు నిండుగా ఉందండి. తోడిన నీళ్ళు ఎక్కడికి పోతాయండి? ఎవరికోసమండీ ఇదంతా?"

ఇద్దరు మనుషుల్ని పెట్టి ఇంజను గట్టు మీదకి నేనే తోయించాను. పైపు కోడులో వేశాను. హ్యాండిల్ తిప్పబోతుంటే మధ్య గట్టు మీద నడిచి అమ్మణ్ణి వచ్చింది. వెనక ప్రసాద్ నీళ్ళలోనే ఉన్నాడు, తెప్ప పట్టుకుని. అతని తామర కూడా కొంత మునిగింది, కానీ ఆకు నీటితో పాటు లేస్తోంది.

అమ్మణ్ణి చాలాసేపు చేను చూసింది. తరవాత మెల్లగా మాట్లాడింది.

"బావగారూ, మాకు చెరువు వద్దు. మళ్ళీ అర్జీ పెట్టం. ఆయన చేత రాయించి ఇమ్మంటే రాయించి ఇస్తాను. ఇంక ఇది ఆపేసి ఇంటికెళ్ళి పడుకోండి. ఒళ్ళు ఎలా అయిపోయిందో చూసుకున్నారా?"

వద్దంట. నేను రెండు సార్వాలు డీజిల్ పోసి అడ్డుకున్నది వాళ్ళకి ఇప్పుడు వద్దంట. చెరువు కావాలని ఏడిస్తే నాకు ఏదో ఒకటి మిగిలేది.

"వద్దన్నవాళ్ళే రేపు కావాలంటారు," అన్నాను.

ప్రసాద్ నీళ్ళలో నుంచి కేకేశాడు. "అన్నయ్యగారూ, కోడులో పోస్తే పోదండి, ఎగదన్నుతుంది. పైపు ఇటు తిప్పండి. మా చేలో పోసుకోండి. తామరకి ఇంకో అడుగు నీళ్ళున్నా ఏం కాదు. మీ వరి తేలుతుంది."

అతను చెప్పింది నిజం. అటు పోస్తే మధ్యాహ్నానికి నా చేను తేలుతుంది. ఆ నీళ్ళకి అతని తామర ఇంకో అడుగు లేస్తుంది. పొద్దున్నే ఆమె కోస్తుంది, అతను అందుకుంటాడు.

అమ్మణ్ణి పైపు మీద చేయి వేసింది, తిప్పడానికి. నేను ఆ చేయి పట్టుకుని తీసేశాను. వాళ్ళక్క చేతిలాగే ఉంది, ఉంగరం కూడా అదే కొట్టు ఉంగరం. ఆమె గట్టు దిగి అతని దగ్గరికి వెళ్ళిపోయింది.

హ్యాండిల్ తిప్పాను. ఇంజను అందుకుంది. నీళ్ళు కోడులో పడ్డాయి. కోడు నిండుగా ఉంది. పడ్డ నీళ్ళు పడ్డట్టే నా గట్టు మీదుగా పొర్లి నా చేలోకి వచ్చాయి. ఇంజను వాటిని మళ్ళీ తోడింది. అవి మళ్ళీ వచ్చాయి. వాళ్ళిద్దరూ పువ్వులు కోసుకుని ఆటోలో ఎక్కించి వెళ్ళేదాకా నేను ఇంజను ఆపలేదు. వెళ్ళాక కూడా ఆపలేదు.